లోపలి వాపు

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోట ఎర్రబడి, వాచి, వేడెక్కి, నొప్పిపెట్టడం మీరెరుగుదురు. ఈ నాలుగు గుర్తులనూ సుమారు 2,000 ఏళ్ళ కిందటే సెల్సస్ అనే రోమన్ రచయిత రాసిపెట్టాడు. ముల్లుతో చొరబడిన సూక్ష్మజీవులతో నెత్తురులోని తెల్లకణాలు చేసే పోరాటమే ఈ వాపు.

ఉబ్బసంలో ఈ పోరాటం ఊపిరిగొట్టాలలో జరుగుతుంది. శత్రువు మాత్రం ఉత్త దుమ్మో, పుప్పొడో! గొట్టాలు వాచి ఇరుకైపోతాయి, పిల్లికూతలు అందుకే. ఉబ్బసమున్న మీ నేస్తాన్ని డాక్టరు రోజూ పీల్చమనే మందు ఈ వాపును అణిచేదే. ఆయాసం లేని రోజున కూడా దాన్ని మానరాదు.

మరి గుండె మాటేమిటి? రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకునే చోట కూడా తెల్లకణాలు చేరి వాపు పుట్టిస్తాయి. 2022లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనలో, విడవని ఉబ్బసం గల పెద్దవాళ్ళలో నూటికి 67 మందికి మెడ రక్తనాళాల్లో ఇలాంటి కొవ్వు కనిపించింది. ఉబ్బసం లేనివారిలో నూటికి 50 మందికే. ఉబ్బసమే కారణమని దీనితో తేలలేదు.

2017లో వెలువడిన మరో పరీక్షలో, గుండెపోటు వచ్చి బతికినవారు 10,000 మందికి పైగా పాల్గొన్నారు. కొవ్వు జోలికి పోక వాపును మాత్రమే తగ్గించే మందు తీసుకున్నవారిలో మళ్ళీ వచ్చే గుండెపోట్లు తగ్గాయి. అయితే సూక్ష్మజీవుల జబ్బులతో చనిపోయినవారు కొంచెం ఎక్కువయ్యారు. తెల్లకణాల పోరాటం కూడా మందగించింది మరి!