మిట్ట ఎక్కని వ్యాన్: టర్బో మార్చే ముందు చూడాల్సినవి

ఈసారి పురుగు గురించి కాకుండా, గూళ్లు మోసే బండి గురించి రాస్తున్నాం. మన గ్రూపులో ఈ మధ్య ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇదే: "అన్నా, వ్యాన్ ఖాళీగా బాగానే పోతాది. లోడు వేసి మిట్ట ఎక్కితే లాగదు. మెకానిక్కు టర్బో పోయింది అంటాడు. మార్చాలా?"

కృష్ణగిరి నుంచి హోసూరుకు వచ్చే దారి తెలిసినవాళ్లకు ఈ బాధ తెలుసు. దాదాపు 50 కిలోమీటర్లలో రోడ్డు 400 మీటర్ల దాకా పైకెక్కుతుంది. శూలగిరి దగ్గర మూడో గేరుకు వచ్చి, తర్వాత రెండో గేరుకు దిగి, వెనక లారీలు హారన్ కొడుతుంటే పక్కకు తీసి నిలబడాల్సిందే. వెనక ఉన్నవి ఇటుకలైతే ఆలస్యమైనా ఏం కాదు. గూళ్లలో ప్యూపా బతికే ఉంటుంది, ఊపిరి పీలుస్తుంది, తేమ వదుల్తుంది. సంచుల్లో కుక్కి ఎండలో నిలబెడితే లోపల ఉక్కబోసి గూళ్లు మెత్తబడతాయి, కొన్ని నలిగి మరకలు పడతాయి. దారం సరిగ్గా ఊడిరాదు. రామనగరలోనో శిడ్లఘట్టలోనో రీలరు చెయ్యి పెట్టి చూసిన వెంటనే ధర తగ్గిస్తాడు. నెల రోజుల కష్టం ఒక పైపు దగ్గర పోకూడదు.

మేం చెప్పేది ఒక్కటే. టర్బో అనేది చివర్లో చూడాల్సిన వస్తువు. దానికి ముందు చూడాల్సినవాటిలో చాలావరకు చౌకవి, కొన్నిటికి పైసా ఖర్చు లేదు.

టర్బో పని ఏమిటి

ఇంజిన్ వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ కాలుతుంది, బండి లాగుతుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఈ ఒత్తిడి దాదాపు ఉండదు. లోడు పడి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వస్తుంది. అందుకే చిన్న లోపం షెడ్డు ముందు కనబడదు, మిట్ట మీద కనబడుతుంది. నిలబెట్టి రేస్ చేసి "బాగానే ఉంది" అంటే నమ్మొద్దు. లోడు మీద నడిపి చూడాల్సిందే.

బోనెట్ ఎత్తే ముందు నాలుగు ప్రశ్నలు

ఒకటి: ఇంజిన్ శబ్దం పెరుగుతుందా, వేగం మాత్రం పెరగదా? అలాగైతే క్లచ్ జారుతోంది, టర్బోకు సంబంధం లేదు. కొంత దూరం నడిపాక ఒక చక్రం దగ్గర మాత్రం వేడి కొడుతోందా? అక్కడ బ్రేకు పట్టుకుని ఉంది.

రెండు: పొగ ఏ రంగు? నల్లగా వస్తే గాలి చాలడం లేదు. అసలు పొగ లేకుండా నీరసంగా ఉంటే డీజిల్ అందడం లేదేమో చూడాలి. నీలంగా వచ్చి ఇంజిన్ ఆయిల్ తగ్గుతుంటే ఆయిల్ కాలుతోంది.

మూడు: తొక్కినప్పుడు "స్స్" మని కొత్త శబ్దం వస్తోందా? ఎక్కడో గాలి పోతోంది.

నాలుగు: శక్తి మెల్లగా తగ్గిందా, ఒక్కసారిగా పోయిందా? ఒక్కసారిగా పోయి, ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే సరిపోతే, కంప్యూటర్ ఉన్న ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గించింది. అప్పుడు ముందు స్కానర్ పెట్టించండి. కోడ్ రాసుకోకుండా చెరిపెయ్యనివ్వొద్దు.

ఈ వరుసలో చూడండి

1. ఎయిర్ ఫిల్టర్. మన బండ్లు మట్టిరోడ్ల మీద తిరుగుతాయి. ఆకు తుంపులు, సున్నం పొడి, దుమ్ము అన్నీ అందులోకే పోతాయి. తీసి వెలుతురుకు పట్టి చూడండి, పాతదైతే మార్చండి. ఫిల్టర్ నుంచి టర్బోకు పోయే రబ్బరు పైపును నొక్కి చూడండి. లోపలి పొర విడిపోయి ఉంటే, గాలి లాగేటప్పుడు అది ముడుచుకుని దారి మూసేస్తుంది. బయటికి మాత్రం బాగానే కనిపిస్తుంది.

2. టర్బో నుంచి ఇంజిన్ వరకు హోస్‌లు, క్లిప్పులు, ఇంటర్‌కూలర్. ఎక్కువసార్లు దొరికేది ఇక్కడే. చీలిక క్లిప్పు కిందో, పైపు అడుగు వైపో దాక్కుంటుంది. నిలబడినప్పుడు మూసుకుని ఉంటుంది, ఒత్తిడి పడితేనే తెరుచుకుంటుంది. జాయింటు చుట్టూ జిడ్డుగా, దుమ్ము అంటుకుని ఉందేమో చూడండి. పైపు లోపల కొంచెం ఆయిల్ తడి ఉండటం మామూలే, దాన్ని చూపించి "టర్బో పోయింది" అంటే ఒప్పుకోవద్దు. అనుమానం తీరకుంటే, ఇంజిన్ ఆపి, గాలి లోపలికి పోయే నోరు మూసి, అర బార్ గాలి మాత్రం పెట్టి, సబ్బు నీళ్లు పూయమనండి. బుడగ లేచిన చోటే లీకు. ఒత్తిడి అంతకన్నా పెంచొద్దు.

3. సన్న పైపులు. టర్బో పక్కన డబ్బాలాంటి యాక్చుయేటర్ ఉంటుంది, దానికి వేలంత కూడా లావు లేని పైపు పోతుంది. కొన్ని బండ్లలో అది ఒత్తిడితో, కొన్నిట్లో వాక్యూమ్‌తో పనిచేస్తుంది. పైపు చీలినా, ఊడినా, ఎలుక కొరికినా టర్బో బాగున్నా పని జరగదు. పాత మెకానికల్ పంపు ఉన్న కొన్ని ఇంజిన్లలో ఇంకో సన్న పైపు పంపు మీదికి పోతుంది. "గాలి వచ్చింది, డీజిల్ పెంచు" అని పంపుకు చెప్పేది అదే. అది చీలితే పొగ రాదు, శబ్దం రాదు, బండి మాత్రం లాగదు.

4. డీజిల్ వైపు. ఫిల్టర్ ఎప్పుడు మార్చారు? అడుగున నీళ్లు వదిలారా? ట్యాంకులో జల్లెడ మూసుకుందా? పంపుకు పోయే దారిలో కొంతసేపు పారదర్శక పైపు పెట్టి చూస్తే గాలి బుడగలు కనిపిస్తాయి.

5. పొగ వైపు. టర్బోకు ముందు మేనిఫోల్డు పగిలినా, గ్యాస్కెట్ పోయినా చక్రాన్ని తిప్పాల్సిన పొగ బయటికి పోతుంది. చల్లని ఇంజిన్ మీద "టిక్ టిక్" శబ్దం, అక్కడ నల్ల మసి ఆనవాళ్లు. ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకుని ఉండిపోయినా నల్లపొగ వస్తుంది. సైలెన్సర్ మూసుకుపోయినా బండి ఊపిరాడక నీరసిస్తుంది.

6. యాక్చుయేటర్ రాడ్. చేతి పంపుతో కొద్దిగా ఒత్తిడో వాక్యూమో ఇస్తే రాడ్ తడబడకుండా కదలాలి, అలాగే నిలవాలి. ఎక్కువగా దగ్గర దూరాలే తిరిగే బండ్లలో మసి పట్టి ఇరుక్కుపోతుంది. ఇది శుభ్రం చేస్తే పోయే జబ్బు కావచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే టర్బో. ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక, ఆపి ఉన్నప్పుడే, గాలి పైపు తీసి ఇరుసును వేలితో తిప్పండి. పక్కకు కొంచెం ఆడటం మామూలే. ముందుకు వెనక్కు ఆడితే, రెక్కలు గోడకు రాసుకుని గీతలు పడితే, అప్పుడు పోయినట్టే. మార్చినా సరే, ఎందుకు పోయిందో అడగండి. ఆయిల్ సరిగ్గా అందక పోయినదైతే, ఆ ఆయిల్ పైపు శుభ్రం చెయ్యకుండా బిగిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది.

గూళ్లతో దారిలో ఉంటే

నల్లపొగ కక్కుతుంటే పూర్తిగా తొక్కొద్దు, ఇంజిన్ వేడెక్కుతుంది. గేరు తగ్గించి, తొక్కుడు తగ్గించి మెల్లగా ఎక్కండి. ఊడిన హోస్ కనబడితే చల్లారాక స్క్రూడ్రైవరుతో క్లిప్పు బిగించండి. బండిలో ఒక స్క్రూడ్రైవరు, రెండు క్లిప్పులు ఉండాలి. నీలం పొగ ఎక్కువగా వస్తూ, ఆయిల్ వేగంగా తగ్గుతుంటే మాత్రం నడపొద్దు. టర్బో సీలు నుంచి వచ్చే ఆయిల్‌నే తాగి ఇంజిన్ అదుపు తప్పి తిరిగే ప్రమాదం ఉంది, తాళం తిప్పినా ఆగకపోవచ్చు.

ఆగాల్సి వస్తే మొదటి పని గూళ్లది. నీడ వెతికి, టార్పాలిన్ తీసి, సంచులు ఒకదాని మీద ఒకటి కాకుండా పరచి గాలి తగిలేలా పెట్టండి. ఇంకో బండికి ఫోన్ చేశాకే బోనెట్ ఎత్తండి.

మెకానిక్కు దగ్గర "పికప్ లేదు" అని మాత్రం చెప్పి వదిలెయ్యొద్దు. ఎంత లోడు, ఏ గేరు, పొగ రంగు, శబ్దం, ఆపి స్టార్ట్ చేస్తే ఏమైంది, ఈ ఐదూ చెప్పండి. పక్కన కూర్చుని లోడుతో మిట్ట మీదికి తీసుకుపోండి. తీసిన పాత సామాను అడిగి చూసుకోండి.

తర్వాతి పంటకు చంద్రికలు కడిగేటప్పుడే ఎయిర్ ఫిల్టర్, క్లిప్పులు కూడా ఒకసారి చూసుకుంటే చాలు. గూళ్లు తీసే రోజుకు బండి సిద్ధంగా ఉంటుంది.