అత్తిబెలె దాటితే అంతా చవకేనా?

హోసూరు, కృష్ణగిరిలో ఇల్లు చూసుకునేవారికి: అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో అద్దె పెరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు హోసూరు పేరు ఎత్తుతారు. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చి ఎలక్ట్రానిక్ సిటీలోనో బొమ్మసంద్రలోనో ఉద్యోగం చేసుకునే మనవాళ్ళు వేసే లెక్క సూటిగానే ఉంటుంది. అత్తిబెలె దాటితే తమిళనాడు. అక్కడ అద్దె తక్కువ, స్థలం ధర తక్కువ, చల్లటి ఊరు, పైగా వీధిలో తెలుగు వినిపిస్తుంది. ఇవన్నీ నిజాలే. లెక్కలోకి ఎక్కనివి ఇంకొన్ని ఉన్నాయి, చేతికి తగిలేది అక్కడే.

ముందుగా ఒక మాట. హోసూరు బెంగళూరుకు తోకగా పుట్టిన ఊరు కాదు. 1970లలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాక అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ ఇక్కడ ఫ్యాక్టరీలు పెట్టాయి. ఇప్పుడు ఏథర్ స్కూటర్లు ఇక్కడే తయారవుతున్నాయి. ఊరికి దక్షిణాన టాటా ఎలక్ట్రానిక్స్ ప్లాంటులో వేలాదిమంది అమ్మాయిలు పనిచేస్తున్నారు. 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయింది. అంటే ఇక్కడ ఇళ్ళకోసం పోటీపడేది బెంగళూరు ఉద్యోగులొక్కరే కాదు. స్థానిక ఫ్యాక్టరీల జనానికీ ఆ ఇళ్ళే కావాలి.

అపోహ: అద్దె ఎంత తగ్గితే అంత మిగులు.

కాగితం తీసుకుని చూద్దాం. హోసూరు నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. పోనూ రానూ 45 అనుకోండి. నెలకు 25 రోజులైతే 1,125 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే బండికి 25 లీటర్లు పడతాయి, ఇవాళ్టి ధరకు సుమారు రెండున్నర వేలు. కారైతే ఆ అంకెను మూడింతలకు పైగా చేసుకుని, అత్తిబెలె టోలు కలుపుకోండి. ఇంట్లో ఇద్దరు ఉద్యోగస్తులుండి ఇద్దరి ఆఫీసులూ వేర్వేరు దిక్కుల్లో ఉంటే, అద్దెలో మిగిలింది బంకుకే పోతుంది.

బస్సు సంగతి మరీ తమాషా. కర్ణాటకలో 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద ఆడవాళ్ళకు సాధారణ బస్సుల్లో ఉచితం, కాని కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. తమిళనాడులో 2021 నుంచి సాధారణ టౌను బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచితం, అది రాష్ట్రం గీత దగ్గర ఆగిపోతుంది. హోసూరులో ఆధార్ మార్చుకుని బొమ్మసంద్రలో పనిచేసే అమ్మాయికి ఇంటి వైపు ముక్క ఉచితం, ఆఫీసు వైపు ముక్కకు టికెట్టు. రోజూ తిరిగే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

ఇల్లు కొనేవారి లెక్క మరోలా ఉంటుంది. తమిళనాడులో స్థలం రిజిస్టరు చేయించుకోవాలంటే స్టాంపు డ్యూటీ 7 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 2 శాతం, మొత్తం 9. కర్ణాటకలో 2025 ఆగస్టు చివర్లో రుసుము పెంచాక కూడా, సెస్సులు కలిపి ఏడున్నర పైచిలుకు. అరవై లక్షల స్థలం మీద తేడా ఎనభై వేల పైనే. ధర తక్కువని వచ్చినవాళ్ళు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట బెంచీమీద కూర్చుని ఈ సంగతి తెలుసుకుంటూ ఉంటారు. అయితే తమిళనాడులో 2023 డిసెంబరు నుంచి కొత్త ఫ్లాటును బిల్డరు దగ్గర మొదటిసారి కొనేవారికి తగ్గింపు ఉంది. 50 లక్షల లోపైతే మొత్తం 6 శాతమే. కాబట్టి స్థలమా, ఫ్లాటా అన్నది తేల్చుకున్నాకే రెండు రాష్ట్రాలను పోల్చాలి.

అద్దె బదులు భోగ్యానికి దిగేవారు ఈ వైపు ఎక్కువ. ఐదారు లక్షలు ఒకేసారి ఇచ్చి మూడేళ్ళు అద్దె లేకుండా ఉండి, చివర ఆ డబ్బు వెనక్కి తీసుకోవడం. వినడానికి బాగుంటుంది. ఓనరు ఆ ఇంటిని ముందే బ్యాంకులో తాకట్టు పెట్టి, వాయిదాలు ఎగ్గొడితే మాత్రం మీ డబ్బుకు దిక్కు బ్యాంకు వేలం తర్వాతే. ఈసీ (ఆస్తి మీద తాకట్టులు చూపే పత్రం) తీయించకుండా, పత్రం రిజిస్టరు చేయించుకోకుండా భోగ్యానికి దిగవద్దు.

అపోహ: హోసూరు నుంచి బెంగళూరుకు నలభై నిమిషాలు.

హైవే పక్క బోర్డుల మీద ఉన్న నలభై నిమిషాలు ఆదివారం పొద్దున ఆరింటివి. సోమవారం ఎనిమిదింటికి బయల్దేరి చూడండి. సరిహద్దుకు తమిళనాడు వైపున్న జూజువాడి దగ్గర సిప్‌కాట్ లారీలు, కంపెనీ బస్సులు, అవతల అత్తిబెలె, చందాపుర, బొమ్మసంద్ర, హెబ్బగోడి. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి సిల్క్ బోర్డు దాకా 2010లో తెరిచిన పది కిలోమీటర్ల ఎత్తు రోడ్డు ఉంది కదా అంటారు. ఆ రోడ్డు మొదలయ్యేలోపే మీ ఓపిక అయిపోతుంది, దిగగానే సిల్క్ బోర్డు కూడలి ఎదురవుతుంది.

మెట్రో వచ్చేసిందన్న మాట సగం నిజం. ఆర్వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్ల పసుపు మార్గం 2025 ఆగస్టు 10న మొదలైంది. ఎలక్ట్రానిక్ సిటీ, జయనగర వైపు వెళ్ళేవారికి అది పెద్ద ఊరటే. కాని బొమ్మసంద్ర హోసూరు కాదు. అక్కడి నుంచి హోసూరుకు సుమారు 23 కిలోమీటర్ల పొడిగింపు మీద అధ్యయనాలు జరిగాయి, పట్టాలు పడలేదు. బెంగళూరు వైపు మార్గానికి కరెంటు పట్టాల పక్కన మూడో కమ్మీ నుంచి వస్తుంది. తమిళనాడు వైపు ప్రతిపాదనలో పైన తీగల నుంచి. ఆ రెండూ కలవవని బెంగళూరు మెట్రో సంస్థ అభ్యంతరం చెప్పింది. బెంగళూరు సబర్బన్ రైలు పథకంలో ఈ దిక్కుకొచ్చే మార్గం కూడా హీళలిగె దగ్గరే ముగుస్తుంది. రేపటి మెట్రోను నమ్ముకుని ఇవాళ ఇల్లు కొనడం అత్తగారి నగలు చూసుకుని అప్పు చేయడం లాంటిది.

జనం పెద్దగా పట్టించుకోనిది ఉన్న రైలు. సేలం–బెంగళూరు మార్గంలో హోసూరు తర్వాత ఆనేకల్ రోడ్డు, హీళలిగె, కార్మెలారం, బెళ్ళందూరు రోడ్డు, బైయప్పనహళ్ళి స్టేషన్లు వస్తాయి. మీ ఆఫీసు సర్జాపుర రోడ్డు మీదో బెళ్ళందూరు పక్కనో ఉంటే, రోడ్డు కన్నా రైలే నయం. రైళ్ళు తక్కువ, వేళలు మీవి కావు. ఇల్లు చూసే ముందు ఆ వేళలు మీ షిఫ్టుకు కుదురుతాయో లేదో చూసుకోండి.

ఇక సరిహద్దు. మామూలు రోజుల్లో అది కంటికి కనబడదు. 2016 సెప్టెంబరు 12న కావేరి గొడవల్లో బెంగళూరులో తమిళనాడు బస్సులు తగలబడ్డాక రెండు రాష్ట్రాల బస్సులూ ఆగిపోయాయి. సంచులు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని జనం అత్తిబెలె నుంచి జూజువాడి దాకా నడిచారు. అవతలి రాష్ట్రం బస్సు అవతల, ఇవతలి రాష్ట్రం బస్సు ఇవతల నిలబడి ఉండేవి. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇదే చోట ఈ–పాసు అడిగారు. పదేళ్ళలో రెండుసార్లే కదా అనుకోవచ్చు. ఆ రెండుసార్లూ ఉద్యోగం ఒకవైపు, ఇల్లు ఇంకోవైపు ఉన్నవాళ్ళు నలిగిపోయారు. ఇంటినుంచి పనిచేసే వీలున్న ఉద్యోగమైతే ఇది పెద్ద ఇబ్బంది కాదు. ఆసుపత్రిలో నర్సుకో, ఫ్యాక్టరీ ఫిట్టరుకో ఆ వీలు లేదు.

అపోహ: సరిహద్దు ఊరు, దొంగల అడ్డా.

ఈ భయం ఎక్కువగా పెద్దవాళ్ళది. నేరం చేసి గీత దాటితే ఎవరికీ దొరకరన్న నమ్మకం. 2021 జనవరి 22న హోసూరు బాగలూరు రోడ్డులోని ఒక బంగారు తాకట్టు కంపెనీ శాఖలో తుపాకులతో వచ్చిన ముఠా పాతిక కిలోల బంగారం ఎత్తుకుపోయింది. వాళ్ళు ఒక గీత కాదు, రెండు మూడు రాష్ట్రాల గీతలు దాటారు. మర్నాడే హైదరాబాదు శివార్లలో సైబరాబాద్ పోలీసులకు దొరికిపోయారు, బంగారంతో పాటు వెళ్ళిన జీపీఎస్ పరికరం దారి చూపించింది. సరిహద్దు దాటితే మాయమైపోయే రోజులు కావివి.

మరి నిజంగా భయపడాల్సింది దేనికి? పక్కింట్లో ఏముందో దానికి. 2023 జులై 29న కృష్ణగిరి పాతపేటలో జనావాసాల మధ్య ఉన్న బాణాసంచా గోదాములో పేలుడు జరిగి తొమ్మిదిమంది చనిపోయారు. చుట్టుపక్కల కట్టడాలు కూలిపోయాయి. అదే ఏడాది అక్టోబరు 7న అత్తిబెలెలో హైవే పక్క బాణాసంచా దుకాణంలో మంటలు రేగి పద్నాలుగు మందికి పైగా పోయారు, వాళ్ళలో ఎక్కువమంది పండగ ముందు కూలికొచ్చిన తమిళ కుర్రాళ్ళు. ఇల్లు చూడబోయినప్పుడు తలుపు గొళ్ళెం, కిటికీ గ్రిల్లు ఊపి చూస్తాం. సందు చివర షట్టరు వెనక ఏ సరుకుందో ఎవరం అడగం. కిరాణా కొట్టువాణ్ణి అడిగితే రెండు నిమిషాల్లో చెబుతాడు.

అమ్మాయిల విషయంలో హాస్టల్ గేటుకు వాచ్‌మన్ ఉంటే చాలనుకోవడం ఇంకో పొరపాటు. 2025 నవంబరులో ఈ ప్రాంతంలో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ ఉద్యోగినులు ఉండే హాస్టల్లో స్నానాల గదిలో రహస్య కెమెరా బయటపడింది. వేలాదిమంది అమ్మాయిలు రోడ్డెక్కారు. గోడ ఎత్తు చూసి ఊరుకోవద్దు, లోపల ఎవరికి ఏ గది తాళాలున్నాయో అడగండి. రాత్రి షిఫ్టు బస్సు ఎక్కడ దింపుతుందో, అక్కడి నుంచి గేటు దాకా దీపాలున్నాయో లేదో ఒకసారి రాత్రి పదింటికి నడిచి చూడండి.

అపోహ: ఊరికి దూరంగా, అడవి పక్క ప్రశాంతంగా ఉంటుంది.

తళి, డెంకణీకోట, శూలగిరి పక్క ప్లాట్ల ప్రకటనల్లో పచ్చటి కొండ కనబడుతుంది, ఏనుగు కనబడదు. రాగి కోతల కాలంలో బన్నేరుఘట్ట అడవుల నుంచి మందలు జవలగిరి, సానమావు దాకా వస్తాయి. అటవీశాఖ వాళ్ళు ఊళ్ళలో హెచ్చరికలు చెబుతారు, పొద్దుగూకాక బయటికి రావద్దంటారు. అక్కడ పుట్టి పెరిగిన రైతుకు ఆ దారులు తెలుసు, ప్లాటు కొన్న మీకు తెలియవు.

నది పక్క ప్లాటు సంగతీ అంతే. కెలవరపల్లి ఆనకట్ట దగ్గర దక్షిణ పెన్నలో బెంగళూరు మురుగుతో నురగ గుట్టలు గుట్టలుగా లేస్తుంది, వానాకాలంలో టీవీలో చూసే ఉంటారు.

అపోహ: విమానాశ్రయం వస్తోంది, ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడూ కొనలేం.

2024 జూన్‌లో తమిళనాడు శాసనసభలో ముఖ్యమంత్రి స్టాలిన్ హోసూరుకు 2,000 ఎకరాల్లో విమానాశ్రయం ప్రకటించారు. మర్నాటి నుంచే బ్రోకర్ల గొంతు మారింది. బెంగళూరు విమానాశ్రయంతో కేంద్రం చేసుకున్న ఒప్పందంలో 2033 వరకూ 150 కిలోమీటర్ల లోపల కొత్త విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉంది. హోసూరు ఆ వలయం లోపలే ఉంది. ఇంకోటి, విమానాశ్రయం నిజంగా వచ్చినా మీరు కొన్న స్థలం దాని పక్కన ఉంటుందో, సేకరణలో లోపలికే పోతుందో బ్రోకరు చెప్పలేడు.

"పంచాయతీ అప్రూవ్డ్" అన్న బ్రోకరు మాటనూ నమ్మవద్దు. లేఅవుటుకు అనుమతి ఇచ్చే అధికారం పంచాయతీ ప్రెసిడెంటుది కాదు, పట్టణ ప్రణాళిక శాఖది (డీటీసీపీ). అనుమతిలేని ప్లాట్ల రిజిస్ట్రేషన్‌ను మద్రాసు హైకోర్టు 2016లోనే ఆపింది. డీటీసీపీ నంబరు, రెరా నంబరు లేని బ్రోషరును అక్కడే వదిలేసి రండి.

అపోహ: కృష్ణగిరి అంటే ఇంకాస్త చవకైన హోసూరు.

రెండూ ఒకే జిల్లా, 2004లో ధర్మపురి నుంచి విడదీశారు. పోలిక అక్కడితో సరి. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, కృష్ణగిరి ఐదువందల చిల్లర. ఏభై కిలోమీటర్లలో అంత దిగితే మే నెల ఎలా ఉంటుందో ఊహించుకోండి, హోసూరులో ఫ్యానుతో గడిచేది అక్కడ కూలరుతోనూ గడవదు. కృష్ణగిరి ఊళ్ళో రైలు స్టేషన్ లేదు. జాతీయ రహదారులు మాత్రం ఐదు కలుస్తాయి, లారీల వాళ్ళకు అది వరం, రోడ్డు దాటే పిల్లలకు కాదు. జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. దానికోసమే హొగెనక్కల్ నుంచి కావేరి నీళ్ళు తెచ్చే పథకాన్ని 2013లో మొదలుపెట్టారు. మీరు చూసిన ఇంటి కుళాయికి ఆ నీళ్ళు వస్తాయా, వారానికి ఎన్నిసార్లు వస్తాయి అన్నది ఓనరును కాదు, అద్దెకున్నవాళ్ళను అడగండి. పల్లపు వీధుల సంగతీ వాళ్ళే చెబుతారు. 2024 డిసెంబరు 1న తుపాను వానకు ఇదే జిల్లాలో ఊత్తంగరై దగ్గర ఒక్కరోజులో దాదాపు 50 సెంటీమీటర్లు కురిసి, రోడ్డు పక్క నిలిపిన బస్సులు, వ్యాన్లు కొట్టుకుపోయాయి.

అపోహ: అక్కడంతా తెలుగే, భాష ఇబ్బంది ఉండదు.

హోసూరు, బాగలూరు, శూలగిరి, వేపనపల్లిలో కొట్టుకెళ్ళినా, పొలానికెళ్ళినా తెలుగులో గడిచిపోతుంది, ఆ తెలుగు మనదానికన్నా పాతది, మంచిది. బడిలో మాత్రం వేరు. 2006 చట్టం ప్రకారం తమిళనాడులో ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా తమిళం చదవాలి. అక్కడి తెలుగువాళ్ళు తమ పిల్లల పరీక్షల కోసం కోర్టులెక్కి మినహాయింపులు తెచ్చుకుంటూ వచ్చారు. ఎల్‌కేజీ పిల్లతో వెళితే తమిళం దానంతటదే వస్తుంది, అదీ ఒక లాభమే. ఏడో తరగతి పిల్లాడితో వెళితే మాత్రం ఇంటికి అడ్వాన్సు ఇచ్చే ముందు బడికి వెళ్ళి మాట్లాడి రండి.

నా తీర్పు ఇది. ఉద్యోగం సిప్‌కాట్‌లోనో, బొమ్మసంద్ర, ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉంటే హోసూరు మంచి బేరం. రైలు వేళలు కుదిరితే సర్జాపుర రోడ్డువాళ్ళకూ ఫరవాలేదు. మాన్యతా టెక్ పార్కుకో, యలహంకకో రోజూ వెళ్ళాల్సినవాళ్ళు అద్దె సగమైనా రావద్దు. కృష్ణగిరి, పోచంపల్లి, బరగూరు వైపు పని ఉన్నవారికే కృష్ణగిరి, బెంగళూరు ఉద్యోగానికి అది దూరం. ఎక్కడ చూసినా, అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆ ఇంటి ముందు నుంచి మీ ఆఫీసు గేటు దాకా వెళ్ళి, సాయంత్రం తిరిగి రండి.