ఉక్కు గుండు పందెం

ముంబయి జాతీయ రహదారి మీద బీరంగూడ వద్ద పక్కకు మళ్లితే కిష్టారెడ్డిపేట వస్తుంది. 1970వ దశకంలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ రూపుదిద్దుకోవడంతో ఈ చుట్టుపక్కల ఊళ్ల బ్రతుకుతెరువు క్రమంగా మారింది. భెల్ వంటి మహాసంస్థల పేరు అందరికీ తెలుసు. కాని వాటి నీడలో రేకుల షెడ్లలో నాలుగు లేతు యంత్రాలు పెట్టుకొని, ఇతరులకు కావలసిన విడిభాగాలు చేసి ఇచ్చే చిన్న కర్మాగారాల సంగతి పాఠాలలోకి అంతగా రాదు. అటువంటి చిన్న సంస్థ ఒకటి, ఇతరులకు భాగాలు చేయడం కాక, తన పేరుతో తానే ఒక సంపూర్ణ యంత్రాన్ని తయారుచేయాలని పూనుకుంటే ఏమవుతుంది? దీనికి చక్కని ఉదాహరణ దూరదేశమైన వేల్స్‌లో దొరుకుతుంది. అక్కడ తయారైన వస్తువు ఆటయంత్రం. దాని పేరు ‘ఫుల్ థ్రాటిల్’. మోటారుసైకిళ్ల పందెం ఇతివృత్తంగా గల పిన్‌బాల్ యంత్రమది.

పిన్‌బాల్ అనే మాట మనకు కొత్త కావచ్చును గాని, దాని పూర్వరూపం కొత్తది కాదు. ఏటవాలు చెక్కపలక మీద మేకులు కొట్టి, స్ప్రింగు కడ్డీతో గోళీని పైకి తన్నితే అది మేకుల మధ్య తట్టుకుంటూ ఏదో ఒక అంకె గల గడిలో పడే ఆటను జాతరలలోనో, బొమ్మల దుకాణాలలోనో చాలామంది చూచియుంటారు. ఈ ఆట 18వ శతాబ్దపు ఫ్రాన్సులో రాజవంశీయుల వినోదంగా పుట్టింది. 1777లో నిర్మితమైన ‘బాగటెల్’ అనే భవనం పేరే ఆటకు కూడా వచ్చింది. 1871లో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే తయారీదారు అమెరికాలో స్ప్రింగు కడ్డీతో సహా దీనికి పేటెంటు పొందాడు. 1931లో డేవిడ్ గాట్‌లీబ్ ‘బాఫిల్ బాల్’ అనే యంత్రాన్ని విపణిలోకి తెచ్చాడు. ఆర్థికమాంద్యం రోజులవి. ఒక చిన్న నాణెంతో కాసేపు కష్టాలు మరచిపోవచ్చును గనుక ఆ యంత్రం అంగడి అంగడికీ చేరింది.

అయితే ఈ ఆటకు ఒక అపవాదు కూడా వెంటబడింది. గోళీని తన్నిన తరువాత ఆడేవాని చేతిలో ఏమీ ఉండదు. అది ఎక్కడ పడితే అదే ఫలితం. కనుక ఇది జూదమే అన్న వాదం బలపడి, 1942లో న్యూయార్క్ నగర మేయరు లా గార్డియా దానిని నిషేధించాడు. యంత్రాలను సమ్మెటలతో బద్దలు కొట్టించాడు. 1947లో గాట్‌లీబ్ సంస్థ ‘హంప్టీ డంప్టీ’ యంత్రంలో ఫ్లిప్పర్లను, అనగా మీట నొక్కగానే లేచి గుండును తిప్పికొట్టే చిన్న రెక్కలను ప్రవేశపెట్టడంతో ఆట స్వభావమే మారిపోయింది. ఇక అది అదృష్టం కాదు, చేతి నైపుణ్యం. ఆ మాట నగరపాలకులు అంగీకరించడానికి మాత్రం మరి 29 ఏండ్లు పట్టింది. 1976లో రోజర్ షార్ప్ అనే యువకుడు నగర మండలి సభ్యుల ఎదుట యంత్రం ఆడి చూపించి, గుండు ఏ దారిన పోవునో ముందే చెప్పి, అదే దారిన పంపించాడు. నిషేధం తొలగిపోయింది.

ఆ నైపుణ్యానికి ఆధారమైన కొలతలను పరిశీలిద్దాం. ఆటపలక వాలు సాధారణంగా ఆరున్నర డిగ్రీలు. దానిమీద దొర్లే ఉక్కు గుండు వ్యాసం 27 మిల్లీమీటర్లు, బరువు సుమారు 80 గ్రాములు. ఏ అడ్డంకీ లేకుండా ఒక మీటరు దూరం అది దొర్లిరావడానికి పట్టే కాలం ఎంత? భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చును. దొర్లే గోళానికి త్వరణం జారే వస్తువు త్వరణంలో ఏడింట ఐదు వంతులే ఉంటుందని మరువరాదు. సమాధానం ఒకటిన్నర సెకనుకు కొంచెం ఎక్కువ వస్తుంది. పలకను కాస్త ఎక్కువ వాల్చితే ఆట అందుకోలేనంత వేగమవుతుంది. తగ్గిస్తే మందకొడిగా సాగుతుంది.

ఫ్లిప్పరు వెనుక ఉండే తీగచుట్టది మరొక ముచ్చట. బోరు మోటారు కాలిపోయి వైండింగు దుకాణానికి మోసుకుపోయిన రైతు బిడ్డలకు ఇది సులభంగా బోధపడుతుంది. ఒకే బొంగరానికి రెండు చుట్లు చుడతారు. ఒకటి లావు తీగ, రెండవది సన్నతీగ. మీట నొక్కగానే లావు తీగ గుండా అధిక విద్యుత్తు ప్రవహించి, ఇనుప కడ్డీని ఒక్క ఉదుటున లోపలికి లాగుతుంది. రెక్క లేస్తుంది. అది పూర్తిగా లేవగానే చివరనున్న స్విచ్చి తెరచుకొని, విద్యుత్తు సన్నతీగ గుండా కూడా పోవలసి వస్తుంది. ప్రవాహం తగ్గుతుంది గాని రెక్కను నిలిపి ఉంచడానికి అది చాలు. ఆ చిన్న స్విచ్చి అతుక్కుపోయిందా, నిమిషాలలోనే చుట్ట కమురుకంపు కొడుతుంది. ఇటీవలి యంత్రాలలో చాలావరకు ఈ పనిని కంప్యూటరు చూసుకుంటున్నది. ఏది చేసినా సూత్రం ఒక్కటే: తన్నడానికి బలం కావాలి, పట్టి ఉంచడానికి మితం కావాలి.

ఇక ‘ఫుల్ థ్రాటిల్’ విషయానికి వద్దాం. 1990వ దశకం చివరికి వీడియో ఆటల తాకిడికి పిన్‌బాల్ పరిశ్రమ దాదాపు కుప్పకూలింది. అతిపెద్ద సంస్థ విలియమ్స్ 1999లో ఈ రంగం నుండి తప్పుకున్నది. అటువంటి రంగంలోకి, ఆ పరిశ్రమకు పుట్టినిల్లైన చికాగోకు ఎంతో దూరంగా, ఆండ్రూ హైవే అనే ఆయన అడుగుపెట్టాడు. ఆయన నెలకొల్పిన హైవే పిన్‌బాల్ సంస్థ మొదట మెర్థిర్ టిడ్‌ఫిల్‌లోను, ఆ తరువాత ఎబ్ వేల్‌లోను పనిచేసింది. ఇవి సామాన్యమైన ఊళ్లు కావు. 1804లో ట్రెవితిక్ తయారుచేసిన ఆవిరి యంత్రం పట్టాల మీద ఇనుము మోసినది మెర్థిర్ నుండే. ఎబ్ వేల్ ఉక్కు కర్మాగారం 2002లో మూతపడింది. ఆల్విన్ గడియారాలను, రిఫ్రిజిరేటర్లను చూచి, ఆ సంస్థ కనుమరుగవడం కూడా చూచిన మన ప్రాంతంవారికి ఆ ఊళ్ల మనసు వేరుగా చెప్పనక్కరలేదు.

తొలి యంత్రానికే హైవే సంస్థ పాత పద్ధతులను పక్కన పెట్టింది. మామూలుగా అంకెలు చూపే తెర యంత్రం తలభాగాన ఉంటుంది. ఆడేవాడు అంకె కోసం తలెత్తితే గుండు జారిపోతుంది. ‘ఫుల్ థ్రాటిల్’లో తెరను ఆటపలకలోనే, ఫ్లిప్పర్లకు చేరువలో అమర్చారు. పందెగాని కన్ను రహదారి మీదే ఉండాలన్న ఇతివృత్తానికి కూడా ఇది అమరింది. రెండవ కొత్తదనం ఇంకా సాహసోపేతమైనది. పెట్టె ఒక్కటే ఉంచుకొని, ఆటపలకను, చుట్టూ ఉన్న బొమ్మలను మార్చి, అదే యంత్రాన్ని మరొక ఆటగా మలచుకోవచ్చును. కొనేవానికి రెండవ ఆట చవకగా వస్తుంది. ఊహ గొప్పదే. కాని ఆ వెసులుబాటుకు అర్థం రావాలంటే రెండవ ఆట సకాలంలో రావాలి గదా!

చిన్న సంస్థ కష్టమంతా ఇక్కడే ఉన్నది. ఒక పిన్‌బాల్ యంత్రంలో వేల సంఖ్యలో భాగాలుంటాయి: చెక్క, గాజు, రేకు, రబ్బరు, తీగలు, స్విచ్చులు, ఎలక్ట్రానిక్ పలకలు, వాటిని నడిపే ప్రోగ్రాము. మచ్చు యంత్రం ఒకటి చేయడం ఒక విద్య. అదేవిధంగా వంద చేయడం వేరొక విద్య. అన్ని భాగాలూ వచ్చి, ఒక్క బిగింపు రేకు రాకపోయినా యంత్రం షెడ్డులోనే ఆగిపోతుంది. ఆగినన్నాళ్లూ అద్దె, జీతాలు ఆగవు. పెద్ద సంస్థకు బ్యాంకు ఉన్నది. చిన్న సంస్థకు కొనుగోలుదారులు ముందుగా ఇచ్చే అడ్వాన్సే పెట్టుబడి. పటాన్‌చెరులో ఏ షెడ్డు యజమానిని అడిగినా ఈ లెక్క నోటికి చెప్పగలడు.

‘ఫుల్ థ్రాటిల్’ యంత్రాలు 2015 ప్రాంతంలో ఆటగాళ్ల చేతికి అందసాగాయి. అనుకున్నదానికంటె ఆలస్యంగా వచ్చినా, రావడం మాత్రం వచ్చాయి. రెండవ ఆటకు ప్రసిద్ధ చలనచిత్రం ‘ఏలియన్’ను ఎంచుకున్నారు. దానికోసం ఎందరో ముందుగానే డబ్బు కట్టారు. 2017 నాటికి కొన్ని యంత్రాలు బయటకు వచ్చినా, ఆ ఏడాదే సంస్థ పెట్టుబడిదారుల అధీనంలోకి పోయింది. స్థాపకుడు వైదొలగాడు. 2018లో సంస్థ మూతపడింది. డబ్బు కట్టి యంత్రం అందనివారు మిగిలిపోయారు. పనిచేసినవారు వీధిన పడ్డారు. తరువాత ‘పిన్‌బాల్ బ్రదర్స్’ అనే సంస్థ ‘ఏలియన్’ను చేపట్టి 2021లో తిరిగి విడుదల చేసింది. ఇందులో మోసం వెదకడం తేలిక. నా దృష్టిలో మాత్రం తొలి యంత్రం అమ్మకం ముగియకముందే రెండవదాని ఖర్చు నెత్తిన పడడమే అసలు కారణాలలో ఒకటి.

తయారైన ‘ఫుల్ థ్రాటిల్’ యంత్రాల బాగోగులు ఇప్పుడు వాటిని కొన్నవారివే. కంపెనీ లేని యంత్రానికి గుండు, రబ్బరు వలయం వంటివి అంగట్లో దొరుకుతాయి. కాలిన తీగచుట్టను ఓపిక గల పనివాడు తిరిగి చుట్టగలడు. ఆ యంత్రం కోసమే ప్రత్యేకించి చేసిన ఎలక్ట్రానిక్ పలక చెడిపోతే మాత్రం, దాని గుట్టు తెలిసినవానిని వెదుక్కుంటూ పోవలసినదే.