లారీకి మజిలీ ఏది?

'మజిలీ' అను మాట ఉర్దూ 'మంజిల్' నుండి మన భాషలోనికి వచ్చి, తెలుగుమాటయై స్థిరపడినది. మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు' పేరెరుగని చదువరి తెలుగునాట అరుదు. ఆ గ్రంథమున గురువు నడచుచు కథ చెప్పడు. మజిలీ చేరి, భోజనమై, అలసట తీరిన పిమ్మటనే చెప్పును. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి కాశీకి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. ఆ యాత్రను గూర్చి వ్రాసిన గ్రంథమున ఏ యూర సత్రమున్నది, ఏ యూర నీరు దొరకును, ఎచ్చట అంగళ్లున్నవి అను సంగతులను ఓపికతో పేర్కొనిరి. నాటివారి దృష్టిలో ఆగు చోట్లు కూడ మార్గములోని భాగములే.

ఎడ్లబండ్ల కాలమున ఈ సంగతిని ఎవరును బోధింపవలసిన పని లేకపోయినది. అలసిన ఎద్దు అడుగు వేయదు. కనుక చీకటి పడునప్పటికి ఊరి వెలుపలి చింతతోపులోనో, బావి యొద్దనో బండ్లు విప్పి, ఎడ్లకు మేత వేసి, పొయ్యి రాజవేసికొనుట ఆచారము. సత్రములు కట్టించినవారును, చలిపందిళ్లు వేయించినవారును, బాటల ప్రక్క చెట్లు నాటించినవారును ఈ యవసరమును ఎరిగియే ఆ పనులు చేసిరి. తరువాత ఎద్దు స్థానమున యంత్రము వచ్చినది. డీజిలున్నంతసేపు యంత్రము పోవును. అలయువాడు దానిని నడుపు మనుష్యుడు. ఎద్దు అలసినచో బండి తానే నిలిచెడిది. మనిషి అలసినను లారీ నిలువదు. నిలుపుదమని అతడు తలచినను, నిలుపుటకు చోటు కావలెను గదా!

హిందూపురము ప్రాంతమున ఈ ప్రశ్న కన్నులకు కట్టినట్లు కనబడును. శ్రీనగరునుండి కన్యాకుమారి వరకు 3,700 కిలోమీటర్లకు పైగా సాగు 44వ నంబరు జాతీయ రహదారి అనంతపురము దాటి, పెనుకొండ మండలము మీదుగా వచ్చి, కొడికొండ దాటగనే కర్ణాటకలో ప్రవేశించును. పాతవారు దీనిని నేటికిని 7వ నంబరు రహదారి యందురు. కొడికొండనుండి మరియొక బాట లేపాక్షి, హిందూపురము, మడకశిరల మీదుగా శిరా వైపు పోవును. చింతపండు, ఎండుమిరప, బెల్లము, పట్టుగూళ్లు హిందూపురపు మార్కెట్టుకు పేరు తెచ్చినవి. తూమకుంటలోను, గొల్లాపురములోను పారిశ్రామిక వాడలు వెలసినవి. పెనుకొండ మండలము ఎర్రమంచిలోని కియా కర్మాగారము 2019లో కార్లను తయారుచేయ నారంభించినది. ఇన్ని సరుకులును చక్రములమీదనే వచ్చి, చక్రములమీదనే పోవలెను. వీనికితోడు ఉత్తరదేశమునుండి బెంగళూరునకు పోవు లారీలు అహోరాత్రములు ఈ బాటననే సాగును.

రాత్రి పది గంటలకు ఈ బాటన వచ్చు డ్రైవరు ఎచ్చట ఆగవలెను? బాట అంచున నిలిపినచో, వెనుకనుండి వేగముగా వచ్చు వాహనమునకు ఆ లారీ చీకటిలో కనబడక గోడయై అడ్డుపడును. పెట్రోలు బంకులో స్థలము పరిమితము. డీజిలు పోయించుకొననివానిని ఆదరించుట యజమాని ఇష్టము. ధాబా యొద్ద భోజనము చేసినవానికి చోటు దొరకవచ్చును గాని, పది లారీలు ముందే వచ్చియున్నచో పదునొకండవవాడు మరల బాట పట్టవలసినదే. కర్మాగారమునకు సరుకు తెచ్చినవానికి గేటు తెల్లవారినగాని తెరువరు. మార్కెట్టులోను దింపుడు ప్రొద్దుటనే. పెద్ద నగరములు పగటివేళ బరువు లారీలను తమ వీధులలోనికి రానీయక నిర్బంధములు పెట్టినవి. అందుచేత నగరమునకు పోవు లారీ కూడ ఊరి వెలుపల ఎచ్చటనో వేళ కొరకు కాచుకొనవలెను.

ముందుగానే ఏర్పాటు చూచుకొని బయలుదేరరాదా యని చదువరులు అడుగవచ్చును. బయలుదేరు వేళ డ్రైవరు చేతిలోనిది కాదు. సరుకు ఎప్పుడు ఎక్కింతురో, ఎప్పుడు దింపుదురో నిర్ణయించువారు వేరు. వారు చేసిన ఆలస్యమును రాత్రి నిద్ర మానుకొని పూడ్చవలసినవాడు మాత్రము డ్రైవరు.

నిలిచిన తరువాత నిద్రయైనను పట్టునా? ట్యాంకులోని డీజిలు, బ్యాటరీ, స్టెపినీ, టార్పాలిను క్రింది సరుకు, అన్నియు దొంగల కన్ను పడునవే. పూర్వము క్లీనరు తోడుగా నుండెడివాడు. ఒకడు నిద్రించినచో ఒకడు మేలుకొనెడివాడు. నేడు పెక్కు లారీలలో డ్రైవరు ఒంటరివాడు. అతడు నిద్రించుచునే కావలి కాయవలెను! స్నానమునకు నీరు, మరుగుదొడ్డి అను మాటలు ఇక చెప్పనేల?

కొడికొండ చెక్కుపోస్టు ఒకప్పుడు ఈ బాటన పేరుపడిన ఆగుచోటు. అచ్చట లారీలు పన్నుల కాగితములకై ఆగెడివి. ఆ ఆగుట విశ్రాంతి కాదు, నిర్బంధము. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చిన పిమ్మట వాణిజ్య పన్నుల చెక్కుపోస్టులు తొలగినవి. వర్తకమునకు అది మేలే. కాని లారీ వేగముగా పోవుటకు చేసిన ఏర్పాటు ఆగుటకు చేయలేదు.

చట్టము ఏమనుచున్నదో చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 122వ సెక్షనున, ఇతరులకు అపాయమో, ఆటంకమో కలుగునట్లు వాహనమును బహిరంగ స్థలమున నిలుపరాదని శాసించినది. అదే చట్టము 117వ సెక్షనున, వాహనములు నిలుపు స్థలములను ప్రభుత్వము నిర్ణయింపవచ్చునని చెప్పినది. వ్యాకరణము బోధించు ఉపాధ్యాయులు ఈ రెండు క్రియలను గమనింపవలెను. డ్రైవరునకు 'రాదు', ప్రభుత్వమునకు 'వచ్చును'. 'వలెను' అను మాట ఈ రెండింటి నడుమ ఎచ్చటను లేదు.

1961లో పార్లమెంటు చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టమున 'వలెను' ఉండినది. దినమునకు 8 గంటల పని. దూరప్రయాణమైనచో 10 గంటల వరకు. 5 గంటలకు ఒకసారి అరగంట విరామము. ఒకనాటి పనికిని మరునాటి పనికిని నడుమ 9 గంటల ఎడతెగని విశ్రాంతి. రాత్రి ఆగవలసిన చోట కార్మికులకు విశ్రాంతి గదులు యజమానియే ఏర్పరుపవలెనని కూడ ఆ చట్టము విధించినది. కాని అది అయిదుగురికి తక్కువకాని కార్మికులున్న సంస్థలకు వర్తించునట్లు చేసినది. మన దేశమున ఒకటి రెండు లారీలు గల చిన్న యజమానులే ఎక్కువ. అప్పు తెచ్చి లారీ కొని, తానే నడుపుకొనువానికి విశ్రాంతి గది ఎవరు కట్టింతురు? 2020లో ఈ చట్టమును కార్మికుల భద్రతకు, ఆరోగ్యమునకు సంబంధించిన క్రొత్త కోడులో కలిపిరి. చిన్న లారీ యజమాని ప్రశ్న మాత్రము అట్లే మిగిలినది.

రైలు శాఖవారు ఈ విషయమును మొదటినుండియు ఎరుగుదురు. గూడ్సు బండి నిలుచుటకు వేరు పట్టాలు, వానిని కాచుటకు సిగ్నళ్లు ఉండును. ఆ క్రమము తప్పినచో ఏమగునో పెనుకొండ చూచినది. 2012 మే 22న తెల్లవారుజామున పెనుకొండ స్టేషనులో నిలిచియున్న గూడ్సును హంపి ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నది. ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. రోడ్డుమీద నిలిచిన లారీకి ఏ సిగ్నలును లేదు. అందుచే అట్టి ప్రమాదములు ఒకరిద్దరి మరణములుగా చీలి, దినపత్రికల మూలలలో ఇమిడిపోవుచున్నవి.

ఈ కష్టము మనకే కాదు. అమెరికాలో 2009లో ఒక లారీ డ్రైవరు సరుకు దింపు వేళకు ముందే చేరి, నిలుపుటకు చోటు దొరకక, మూతపడిన పెట్రోలు బంకులో లారీ ఆపి, దొంగల తుపాకికి బలియైనాడు. అతని భార్యయు, తోటివారును సాగించిన ప్రయత్నముల ఫలితముగా 2012లో అచ్చటి పార్లమెంటు అతని పేర 'జేసన్ చట్టము' చేసినది. దానివలన ప్రతి రాష్ట్రమున లారీలకు నిలుపు స్థలములు ఎన్ని కలవో లెక్క తీయుట ప్రారంభమైనది. ఐరోపా సమాఖ్యలో నాలుగున్నర గంటలు నడిపిన డ్రైవరు 45 నిమిషములు ఆగితీరవలెను.

మన దేశమునను ప్రయత్నము లేకపోలేదు. ప్రభుత్వరంగ చమురు సంస్థలు పెట్రోలు బంకులలో 'అప్నా ఘర్' పేర పడకలు, స్నానపు గదులు ఏర్పరచుచున్నవి. 2024 డిసెంబరు నాటికి ఇట్టివి 368. పడకలు సుమారు 4,600. లక్షల లారీలు తిరుగు దేశమునకు ఇది ఆరంభము మాత్రమే. 2025 అక్టోబరునుండి తయారగు లారీలకు చల్లని గాలి క్యాబిను తప్పనిసరి చేసిరి. అది మెచ్చదగినదే. కాని చల్లని క్యాబినునకు కూడ నిలుచుటకు నేల కావలెను.

హిందూపురము వంటి చోట చేయవలసినది బ్రహ్మవిద్య కాదు. కొడికొండ కూడలిలోను, ఎర్రమంచి యొద్దను, తూమకుంటలోను కంచె వేసిన మైదానము, దీపములు, నీరు, మరుగుదొడ్లు, ఒక కావలివాడు చాలును. సరుకు రప్పించుకొను కర్మాగారము, దానిని తెచ్చిన లారీని రాత్రి తన ప్రాకారములోనే నిలుపుకొనవలెనను నియమము పెట్టిన సగము చిక్కు తీరును. ఖర్చు ఎవరిదను వాదము వచ్చును. నేడు ఆ ఖర్చును డ్రైవరు నిద్రతోను, బాటసారి ప్రాణముతోను చెల్లించుచున్నాడని ఆ వాదమున మరువరాదు.

భూగోళము చెప్పు ఉపాధ్యాయులకు ఒక విన్నపము. విద్యార్థులచేత పెనుకొండనుండి కొడికొండ వరకును, అచ్చటినుండి హిందూపురము వరకును పటము గీయించి, అందు రాత్రి లారీ నిర్భయముగా నిలుపదగిన చోట్లను గుర్తింపుమనుడు. వారు అడిగి తెలిసికొని గుర్తించిన ఆ పటము పంచాయతీవారికిని, రవాణా శాఖవారికిని పంపదగిన అర్జీ యగును.