నా ఓటు రాజీకే

స్మాష్ బ్రదర్స్‌లకు ఇంకెవరొస్తే మంచిగుంటది? ఆలంపూర్ల మా దోస్తుల నడుమ ఎన్నటికీ తెగని పంచాయితీ ఇది. మాలో ఎవ్వరింట్ల నింటెండో లేదు, యూట్యూబ్‌ల చూసుడే. అయినా ఒకడు ఛోటా భీమ్‌ను దించాలె అంటడు.

కుదరదంటున్న నేను. బలం లేక కాదు. వేర్వేరు గేముల వీరులను ఒక్క బరిల కొట్లాడించే ఆ ఆటకు ఒక కట్టుబాటున్నది: వచ్చెటోడు వీడియో గేమ్‌ల పుట్టినోడై ఉండాలె. భీమ్ మన హైదరాబాద్ల తయారైనోడే గని, 2008ల టీవీల పుట్టిండు.

ఇంకో అడ్డం హక్కులు. 2015ల అభిమానులు వేసిన ఓట్లల్ల సోరా ముందు నిలిచిండు. గని ఆయనను దించాలంటే డిస్నీ ఒప్పుకోవాలె. బరిలకు వచ్చేసరికి 2021 అక్టోబర్ అయింది.

మరి కొట్లాట గేములల్ల మన దేశపోడు లేడా? ఉన్నడు. 1991ల వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2ల ధాల్సిమ్. మెడల పుర్రెల దండ, నోట్లెకెల్లి మంట, రబ్బరు లెక్క సాగే చేతులు. జపానోళ్లు ఊహించుకున్న మనం అది. మన బొమ్మ మనం గియ్యకుంటే వేరేటోళ్లు గీసిందే మిగుల్తది.

2020ల పుణె కుర్రోళ్ల కంపెనీ నాడింగ్ హెడ్స్ 'రాజీ' అనే గేమ్ తెచ్చింది. తమ్ముని కోసం రాక్షసుల మీదికి పోయే ఆడపిల్ల, చేతిల దుర్గమ్మ ఇచ్చిన త్రిశూలం. ఆమె గేమ్‌లనే పుట్టింది, కట్టుబాటుకు సరిపోతది.

వాదన మంచిదే తమ్ముడూ. గని మనోడు ఆ బరిల నిలవాలంటే, ముందుగాల మన గేమ్ రావాలె. గోడో అసొంటి గేమ్ ఇంజిన్లు పైసల్లేకుంటనే దొరుకుతున్నయ్. నేర్చుకుందాం పా.