ఒక్క సాకెట్టేగా!

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళగానే నాన్న నాకో పని అప్పజెప్పారు. "ఏరా, ఎలక్ట్రికల్ చదువుతున్నావ్ కదా, షెడ్డులో ఇంకో రెండు సాకెట్లు బిగించు. ఒక్క గంట పని."

మా ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉంది. స్కూటర్, వాషింగ్ మెషిన్, పాత సామానూ అన్నీ అందులోనే. కానీ షెడ్డుకంటూ సొంత కరెంటు లైను లేదు. ముందు గదిలోని 6 ఆంపియర్ల సాకెట్టు నుంచి కిటికీలోంచి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి రెండేళ్ళుగా నడిపిస్తున్నాం. నేనూ అదే బోర్డు నుంచి వైరు లాగి కొత్త సాకెట్లు పెట్టేద్దామనుకున్నా. గోడకి గాడి కొట్టడానికి పిలిచిన ఎలక్ట్రీషియన్ బాబాయి ఆపారు. "బాబూ, సాకెట్టు సంగతి తర్వాత. ముందు దాని వెనకాల ఏముందో చూడు" అన్నారు.

బోర్డు విప్పాం. ప్లగ్గు దూరే చోట ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, ఒక స్క్రూ దగ్గర వైరు తొడుగు కరిగి ఉంది.

లెక్క వేశాను. హీటరున్న వాషింగ్ మెషిన్ 2,000 వాట్లు, కొత్త ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జరు 750 వాట్లు. రెండూ కలిపి 2,750. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 12 ఆంపియర్లు. అంటే 6 ఆంపియర్ల సాకెట్టు మీద రెట్టింపు బరువు! ఎక్స్‌టెన్షన్ బాక్సులో మూడు కన్నాలున్నాయి కాబట్టి మూడు వస్తువులు పెట్టుకోవచ్చనుకున్నాం. కన్నాలు పెరిగితే వెనకున్న వైరు లావెక్కదు కదా!

వదులైన స్క్రూ దగ్గర 0.2 ఓం నిరోధం ఉందనుకుందాం. I²R ప్రకారం 144 × 0.2 = 28.8 వాట్లు. మన ల్యాబ్‌లో వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే మెషిన్ తిరిగినంతసేపూ మా గోడలో ఒక సోల్డరింగ్ ఐరన్ వెలుగుతూనే ఉందన్నమాట.

మరి ఎంసీబీ ఎందుకు పడలేదు? తప్పు మాదే. మొదట అక్కడ 10 ఆంపియర్లది ఉండేది. మాటిమాటికీ పడిపోతోందని విసుగొచ్చి 16ది పెట్టించాం. 12 ఆంపియర్లు పోతుంటే దాని దృష్టిలో అంతా సవ్యమే. ఎంసీబీని వైరు మోయగలిగేదాన్ని బట్టి పెట్టాలి, మన విసుగుని బట్టి కాదు.

తర్వాత వైరు లావు. మెయిన్ బోర్డు నుంచి షెడ్డుకి 20 మీటర్లు. వెళ్ళాలి, తిరిగి రావాలి కాబట్టి 40 మీటర్ల రాగి. లైట్లకి వాడే 1 చదరపు మి.మీ. వైరైతే నిరోధం సుమారు 0.69 ఓం. 12 ఆంపియర్ల దగ్గర 8 వోల్టులకి పైగా దారిలోనే పోతాయి, దాదాపు 100 వాట్లు వేడిగా మారతాయి. అదే 4 చదరపు మి.మీ. అయితే పోయేది 2 వోల్టులు, వేడి 25 వాట్లు. అందుకే మెయిన్ బోర్డు నుంచి నేరుగా 4 చదరపు మి.మీ. వైరు, దానికి విడిగా 20 ఆంపియర్ల ఎంసీబీ, చివర రెండు 16 ఆంపియర్ల సాకెట్లు అని తేల్చాం. షెడ్డు కడిగేటప్పుడు నీళ్ళు చిమ్ముతాయి కాబట్టి నేల నుంచి ఎత్తులో, మూతున్న ఐపీ55 రకం పెట్టాం.

ఇంతవరకూ లెక్కలే. నన్ను నిజంగా భయపెట్టింది వేరే ఉంది.

మెషిన్ ముట్టుకుంటే చీమలు కుట్టినట్టుంటోందని అమ్మ ఎన్నోసార్లు అంది. "నీ చేతులు తడిగా ఉన్నాయిలే" అని నవ్వి ఊరుకున్నాం. బాబాయి టెస్ట్ లాంప్ తీసి ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య పెట్టారు, వెలిగింది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టారు, వెలగలేదు. సాకెట్టుకి మూడు కన్నాలున్నాయి గానీ పై కన్నం వెనక వైరే లేదు! మెషిన్ రేకు మీదికి లీకైన కరెంటు నేలలోకి పోవడానికి అమ్మ తప్ప వేరే దారి లేదు.

ఎంసీబీ ఇక్కడ అక్కరకు రాదు. తడి నేల మీద నిలబడ్డ మనిషి ప్రాణం తీయడానికి 0.1 ఆంపియర్ చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. దాన్ని పట్టేది ఆర్‌సీసీబీ. ఫేజ్, న్యూట్రల్ రెండూ అందులో ఒకే రింగు గుండా వెళ్తాయి. కిర్చాఫ్ చెప్పినట్టు వెళ్ళిన కరెంటంతా తిరిగి రావాలి. ఎక్కడో మనిషి గుండా నేలలోకి పోతే తేడా వస్తుంది. ఆ తేడా 30 మిల్లీఆంపియర్లకి చేరితే 0.3 సెకన్ల లోపే లైను తెగిపోతుంది. అలాగని ఇది ఓవర్‌లోడును పట్టదు. కాబట్టి రెండూ ఉండాలి, ఎర్త్ వైరూ ఉండాలి.

గాడి కొట్టడం, పైపు వేయడం, వైరు లాగడం వరకూ నేను సాయం చేశా. కనెక్షన్లు మాత్రం లైసెన్సున్న బాబాయే ఇచ్చారు. కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ చూస్తే 2 కిలోవాట్లే ఉంది. దాన్ని పెంచమని నాన్న దరఖాస్తు పెట్టారు. గంట పని కాస్తా రెండు రోజులైంది.

మూడో రోజు అమ్మ మెషిన్ మీద చెయ్యి వేసి, "చీమలు పోయాయిరా" అంది. సెమిస్టర్ మార్కులకంటే ఆ మాటే ఎక్కువ తృప్తినిచ్చింది.

ఈసారి ఇంటికెళ్ళినప్పుడు రెండు పనులు చేయండి. ఆర్‌సీసీబీ ఉంటే దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కండి, వెంటనే పడిపోవాలి. పడకపోయినా, అసలు అది లేకపోయినా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఇక రెండోది, చీమలు కుడుతున్నాయని ఇంట్లో ఎవరైనా అంటే మాలాగా నవ్వకండి.