అమ్మ కుట్టుపని, కొడుకు పాట

టోనీ బెన్నెట్ అమెరికాలో పేరున్న గాయకుడు. 1926లో న్యూయార్క్‌లో పుట్టాడు. వాళ్లది ఇటలీ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన కుటుంబం. టోనీకి పదేళ్లప్పుడే నాన్న చనిపోయాడు. అమ్మ గౌన్లు కుట్టి ముగ్గురు పిల్లల్ని సాకింది. ఎన్ని కుడితే అంత కూలి. అయినా నాసిరకం గౌను చేతికొస్తే పక్కకు విసిరేసేది. కూలి పోయినా సరే! కొడుకు అది చూస్తూ పెరిగాడు.

పాటల్లో అతనిదీ అదే పట్టు. 1962లో శాన్‌ఫ్రాన్సిస్కో ఊరి మీద పాడిన పాటకు ఎంతో పేరొచ్చింది. తర్వాత కంపెనీవాళ్లు కొత్త ఫ్యాషన్ పాటలు పాడమన్నారు. ఇష్టం లేకున్నా ఒకసారి ఒప్పుకున్నాడు. రికార్డింగుకు ముందు వాంతి అయిందట! కొన్నాళ్లకు ఆ కంపెనీనే వదిలేశాడు.

2023లో చనిపోయాడు. అంతకు ఏడేళ్ల ముందే మతిమరుపు జబ్బని తేలింది. అయినా 2021లో, 95 ఏళ్ల వయసులో, స్టేజీ ఎక్కి పాడాడు. పాటలు మాత్రం మరిచిపోలేదు.